తగ్గినట్టే తగ్గి మళ్లీ ఎర్రబడే కన్ను

ప్రశ్న: మా బాబుకు ఆరేళ్లు. కుడి కన్ను ఎర్రబడితే ‘లోపలి వాపు’ అని స్టెరాయిడ్ చుక్కలు ఇచ్చారు. వేస్తే తగ్గుతోంది, ఆపితే మళ్లీ వస్తోంది. ఇప్పుడు నల్లగుడ్డు కింది అంచున తెల్లగా పేరుకుంది. క్యాన్సరేమో చూద్దాం, ఎంఆర్‌ఐ తీయిద్దామంటున్నారు. కంట్లో నీరు తీసి పరీక్షిస్తే తేలిపోదా?
– ఒక తల్లి, సూర్యాపేట

జవాబు: వద్దమ్మా, ఆ సూది మాత్రం ఇప్పుడే వద్దు. అది క్యాన్సరే అయితే సూది దిగిన దారి వెంట కణాలు కంటి బయటికి రావచ్చు. మీ డాక్టరుగారి అనుమానం సబబైనదే.

రెటినోబ్లాస్టోమా అనే పిల్లల కంటి క్యాన్సర్ ఎక్కువగా ఐదేళ్లలోపు పిల్లల్లో, ఫొటోలో కంటిపాప తెల్లగా మెరిసి బయటపడుతుంది. అరుదైన రకం ఒకటుంది. అది గడ్డ కట్టదు, రెటీనా (కంటి వెనక పొర) మీద పలచగా పరుచుకుంటుంది. కాస్త పెద్ద పిల్లల్లో వస్తుంది. దాని కణాలు ముందుకు జారి, అడుగున అచ్చం చీములాగే పేరుకుంటాయి. బాబు తల పక్కకు వాల్చినప్పుడు ఆ తెలుపు కదులుతోందా? గమనించి డాక్టరుకు చెప్పండి. చుక్కలకు కొన్నాళ్లు తగ్గినంత మాత్రాన వాపేనని నమ్మకండి.

స్కానింగ్‌లో ఈ క్యాన్సర్‌ను పట్టించే సున్నపు మచ్చలు ఈ రకంలో చాలాసార్లు ఉండవు, కాబట్టి స్కానింగ్ ఒక్కటే చాలదు. మత్తు ఇచ్చి రెండు కళ్లూ పూర్తిగా చూడాలి. హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిలో కంటి క్యాన్సర్ నిపుణులున్నారు, ఈ వారమే వెళ్లండి. ఇంట్లో కుక్కపిల్ల ఉంటే అదీ చెప్పండి, కుక్కల పేగుల్లో ఉండే టాక్సోకారా పురుగు వల్లా ఇలాంటి వాపే వస్తుంది. క్యాన్సరని తేలితే బాబు తోబుట్టువులైన చిన్నపిల్లల కళ్లూ చూపించాలి.