మెడ సిరకు బెలూన్ కోసం తోట అమ్మాలా?

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లె. మా చెల్లెలికి 34 ఏళ్లు. మల్టిపుల్ స్క్లెరోసిస్ అన్నారు, మెదడు, వెన్నుపాములోని నరాలు దెబ్బతినే జబ్బట. ఎండలు ముదిరితే వంటింట్లోంచి వసారాలోకి రావడమే గగనమవుతోంది. మెడ సిరల్ని బెలూన్‌తో వెడల్పు చేస్తే లేచి తిరుగుతుందని ఒక బంధువు వీడియోలు చూపించారు. అర ఎకరం కొబ్బరితోట బేరం పెట్టాం. చేయించమంటారా డాక్టర్ గారూ?
- ఒక అన్న

జవాబు: వద్దండీ. ముందు ఆ బేరం ఆపండి.

మెదడు నుంచి రక్తం దిగే సిరలు ఇరుకు కావడం వల్లే ఈ జబ్బు వస్తోందని 2009లో ఇటలీ డాక్టర్ పావొలో జాంబోని అన్నారు. ఆయన భార్యకూ ఇదే జబ్బు. ఎక్కడెక్కడి రోగులో ఆశపడ్డారు, కెనడా నుంచి మన దేశం దాకా వచ్చి చేయించుకున్నారు. తీరా పరీక్షిస్తే ఆ ఇరుకు ఏ జబ్బూ లేనివాళ్లలోనూ అంతే కనిపించింది. కెనడాలో 104 మందిలో కొందరికి నిజంగా బెలూన్ వేసి, మిగతావారికి వేసినట్టు చేసి, ఎవరికి ఏది చేశారో చెప్పకుండా చూశారు. ఏడాదికి రెండు జట్ల పరిస్థితీ ఒకటే. జాంబోని స్వయంగా నడిపిన పరీక్షలోనూ 2017లో అదే తేలింది.

వీడియోల్లో వాళ్లు అబద్ధమాడుతున్నారని నేననను. ఈ జబ్బు చాలామందిలో విజృంభించి, తనంతట తానే కొంత తగ్గుతుంది. ఆ తగ్గే రోజుల్లో ఏం చేయించినా దాని మహిమే అనిపిస్తుంది. కానీ సిర మళ్లీ ఇరుకు కాకుండా కొందరికి లోపల పెట్టిన స్టెంటు (జాలీ గొట్టం) జారి గుండెలోకి పోయినవాళ్లున్నారు, రక్తం గడ్డకట్టినవాళ్లున్నారు.

చెల్లెలి రోజు సాఫీగా గడవాలంటే ముందు వేడి సంగతి చూడండి. ఒళ్లు వేడెక్కితే దెబ్బతిన్న నరాల్లో సంకేతాలు మందగిస్తాయి, చల్లబడితే మళ్లీ సర్దుకుంటాయి. కోనసీమ ఉక్కలో చెమట ఆరదు కదా. వంట తెల్లవారుజామునే ముగించాలి, అదీ పొయ్యి దగ్గర ఇంకొకరుండి. మధ్యాహ్నం మెడ మీద తడి తువ్వాలు, ఎదురుగా ఫ్యాను. ఇంకోటి, ఈ జబ్బులో మూత్రం ఆగడం లేదని ఆడవాళ్లు నోరు విప్పరు, మంచినీళ్లే మానేస్తారు. మీ ఆవిడ చేత మెల్లగా అడిగించండి. దానికి మందులున్నాయి. 2016 వికలాంగుల చట్టంలో ఈ జబ్బు పేరుంది కాబట్టి వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్‌కు కూడా దరఖాస్తు పెట్టండి.

అన్నిటికన్నా ముఖ్యం, జబ్బు తిరగబెట్టడాన్ని తగ్గించే మందు. ఆమె ఏది వాడుతోందో మీరు రాయలేదు. డబ్బు చాలక మానేసి ఉంటే, తోట అమ్మడానికైనా సిద్ధపడిన ఆ పట్టుదలంతా ఈ మందు మీద పెట్టండి. పాత చీటీలు, ఎం.ఆర్.ఐ. ఫిల్ములు తీసుకుని ఈ వారమే న్యూరాలజిస్టుకు చూపించండి.