మీ ప్రశ్నలు – మా జవాబులు: స్పైడర్‌మ్యాన్‌ను ఎందుకు ఎదగనివ్వడం లేదు?

ప్రశ్న: సర్, స్పైడర్‌మ్యాన్ తొలినాటి కామిక్స్ సంకలనం దొరికితే మూడు రాత్రులు కూర్చుని చదివేశాను. అదే ఊపులో ఈమధ్య వచ్చినవి పట్టుకుంటే నాలుగు సంచికలు కూడా దాటలేకపోయాను. నా అభిరుచి మారిందా, కామిక్సే పాడైందా?

జవాబు: మీ అభిరుచికేం కాలేదండీ. రెండు కథలు పక్కపక్కన పెట్టి చూద్దాం. రెండింటిలోనూ కష్టం ఒకటే, స్పైడర్‌మ్యాన్ ముసుగు వెనకున్న పీటర్ పార్కర్‌ను పెంచి పెద్ద చేసిన ఆంట్ మే చావుబతుకుల్లో ఉంది.

మొదటిది 1966 నాటి అమేజింగ్ స్పైడర్‌మ్యాన్ 33వ సంచిక, స్టాన్ లీ, బొమ్మలు వేసే స్టీవ్ డిట్కోల కథ. పీటర్ ఇచ్చిన రక్తం వల్లే ఆమె ఒంట్లో విషం చేరింది. ఆమెను బతికించే మందు దొరికింది గానీ, డాక్టర్ ఆక్టోపస్ అనే విలన్ నీటి అడుగున కట్టుకున్న స్థావరంలో ఓ పెద్ద యంత్రం పీటర్ మీద పడిపోయింది. మందు కళ్లెదురుగానే నేల మీద ఉంది, చెయ్యి చాస్తే అందదు, పైనుంచి నీళ్లు కారుతున్నాయి. ఒక మనిషి ఒక బరువు ఎత్తాలి, జరగాల్సింది అంతే. దానికి డిట్కో పేజీలకు పేజీలు ఇచ్చాడు. పీటర్ ఓసారి ప్రయత్నిస్తాడు, కూలబడతాడు, పోయిన అంకుల్ బెన్‌ను, అంటే ఆంట్ మే భర్తను, తలుచుకుంటాడు, మళ్లీ భుజం పెడతాడు. బొమ్మల గడులు ఒక్కోటీ పెద్దవవుతూ వస్తాయి, చివరికి పేజీ మొత్తం ఒకే బొమ్మ, యంత్రం లేచింది! ఆ పేజీ తిప్పేటప్పటికి ఊపిరి బిగబట్టి ఉంటాం, కథ తెలిసి రెండోసారి చదివినా అంతే.

రెండోది 2007లో వచ్చింది. అంతకు ముందు ఏడాది పీటర్ అందరి ముందూ ముసుగు తీసి తనెవరో లోకానికి చెప్పేశాడు. దాని ఫలితంగా అతని కోసం పేల్చిన తూటా ఆంట్ మేకు తగిలింది. ఇక్కడిదాకా కథ గట్టిగానే ఉంది, ఎందుకంటే చేసిన పనికి ఫలితం అనుభవిస్తున్నాడు, స్పైడర్‌మ్యాన్ కథంటేనే అది. ఆ తర్వాత మెఫిస్టో అనే సైతాను వచ్చి, ఆమెను బతికిస్తాను, బదులుగా మీ పెళ్లి నాకిచ్చేయమని పీటర్‌నూ అతని భార్య మేరీ జేన్‌నూ అడుగుతాడు. ఇద్దరూ ఒప్పుకుంటారు. తెల్లారేసరికి ఆ పెళ్లే జరగలేదు, ముసుగు వెనక ఎవరున్నారో లోకానికి గుర్తు లేదు, ఆంట్ మే క్షేమంగా ఉంది.

అదే మనిషి, అదే ఆంట్ మే. ఒకసారి వెన్ను విరిగేలా బరువెత్తి కాపాడుకున్నాడు, ఇంకోసారి బేరం కుదుర్చుకుని కాపాడుకున్నాడు. ఆ రెండో కథకు బొమ్మలు వేసింది ఈ కామిక్స్ వేసే మార్వెల్ కంపెనీకి అప్పటి ప్రధాన సంపాదకుడు జో కెసాడానే. రాసిన స్ట్రాజిన్‌స్కీ ఆ ముగింపు తనకు నచ్చలేదని బయటికే చెప్పాడు. రాసేవాడికే మనసొప్పని కథ చదివేవాళ్ల మనసుకు ఎలా పడుతుంది? మీరు నాలుగు సంచికలు దాటలేకపోవడానికి కారణం ఇక్కడే ఉందని నా నమ్మకం. ఇందులో జరిగింది జరిగినట్టు నిలబడదని పాఠకుడికి ఒకసారి తెలిసిపోయాక, తర్వాత ఎంత పెద్ద ప్రమాదం చూపించినా టెన్షన్ రాదు.

ప్రశ్న: పెళ్లయిన హీరోతో కథలు నడపడం కష్టమని కంపెనీవాళ్లు అంటారు కదా? కుర్రాడిగా ఉంటేనే కొత్త పాఠకులు వస్తారేమో?

జవాబు: ఆ వాదనను నేను కొట్టిపారేయను. ఎప్పుడూ డబ్బుకు కటకటలాడుతూ, అందరికీ ఆలస్యంగా వెళ్లి మాట పడే కుర్రాడిలో ఓ అందం ఉంది. కానీ ఆ కుర్రాడు మొదటి నుంచీ ఎదుగుతూనే వచ్చాడండీ. 1962లో హైస్కూల్ పిల్లాడు, 1965లో స్కూల్ అయిపోయి కాలేజీలో చేరాడు, 1973లో ప్రేమించిన గ్వెన్ స్టేసీని పోగొట్టుకున్నాడు, 1978లో డిగ్రీ పూర్తి చేశాడు, 1987లో పెళ్లి చేసుకున్నాడు. వయసు నెమ్మదిగానే కదిలింది, అయినా కదిలింది. చదివేవాళ్లు అతనితో పాటు పెద్దవాళ్లయ్యారు.

ఇక పెళ్లితో కథలు చచ్చిపోతాయా అంటే, పెళ్లయిన ఏడాదే క్రేవెన్ ఆఖరి వేట కథ వచ్చింది, డిమాటీస్ రాశాడు, మైక్ జెక్ బొమ్మలు వేశాడు. వేటగాడైన విలన్ క్రేవెన్ పీటర్‌ను బతికుండగానే పాతిపెడతాడు. ఆ మట్టిలోంచి పీటర్ పైకి రావడానికి బలమిచ్చింది ఇంటి దగ్గర ఎదురుచూస్తున్న భార్య తలపే. పెళ్లి లేకపోతే ఆ కథకు గుండెకాయ లేదు. అంతెందుకు, 2024లో ఇదే మార్వెల్ వేరే ప్రపంచం పేరుతో కొత్త అల్టిమేట్ స్పైడర్‌మ్యాన్ మొదలుపెట్టింది, జొనాథన్ హిక్‌మన్ రచన, మార్కో కెకెట్టో బొమ్మలు. అందులో పీటర్‌కు భార్య, ఇద్దరు పిల్లలు. మొదటి సంచిక అయిపోతే మళ్లీ మళ్లీ అచ్చువేయాల్సి వచ్చింది. పెళ్లయిన పీటర్‌ను జనం చూడరనే మాట అక్కడ నిలబడలేదు.

ప్రశ్న: మా అన్నయ్య అంతా క్లోన్ కథతోనే చెడిపోయిందంటాడు. నిజమేనా?

జవాబు: చాలావరకు నిజం. పీటర్‌కు అచ్చుగుద్దినట్టు ఓ నకలు మనిషి (క్లోన్) ఉన్నాడనే ఆ కథ 1994లో మొదలైంది. చిన్న కథగా అనుకున్నారు, అమ్మకాలు బాగుండేసరికి సాగదీశారు. అప్పట్లో నెలనెలా నాలుగు స్పైడర్‌మ్యాన్ పుస్తకాలు వచ్చేవి, ఒకదాంట్లో మొదలైన కథ ఇంకోదాంట్లో తేలేది, ఏది వదిలేసినా తల తిరిగిపోవాల్సిందే. మధ్యలో, మీరు ఇన్నేళ్లూ చదివిన పీటర్ నకలు, అసలువాడు బెన్ రైలీ అన్నారు. పాఠకులు భగ్గుమన్నారు. 1996లో అదంతా తిప్పేసి, 1973లో చనిపోయిన విలన్ నార్మన్ ఆస్‌బోర్న్‌ను లేపి తెచ్చి ఇదంతా అతని పన్నాగమే అన్నారు.

నాకు అంతకన్నా బాధ కలిగించింది 400వ సంచిక సంగతి. 1995లో అందులో ఆంట్ మే చనిపోతుంది. పీటరే స్పైడర్‌మ్యాన్ అని తనకు ఎప్పటినుంచో తెలుసని అతనితో చెప్పి, ప్రశాంతంగా కన్నుమూస్తుంది. అంత నిండైన వీడ్కోలు ఈ సిరీస్‌లో అరుదు. నాలుగేళ్లు తిరగకుండానే, పోయింది ఆమె కాదు, ఆమె వేషంలో ఉన్న ఓ నటి అని తేల్చేశారు. మనం నిజంగా ఏడ్చిన పేజీలవి!

ప్రశ్న: మీరు పాతవే గొప్పంటారు. 2013 నాటి సుపీరియర్ స్పైడర్‌మ్యాన్ సంగతేంటి?

జవాబు: బాగుంది, మనస్ఫూర్తిగా చెబుతున్నాను. డాక్టర్ ఆక్టోపస్ మనసు పీటర్ శరీరంలో దూరిందనగానే నేనూ కోప్పడ్డాను, చదివాక మనసు మార్చుకున్నాను. రచయిత డాన్ స్లాట్ ఆ విలన్‌ను మెల్లమెల్లగా మంచివైపు నడిపించాడు, తన వల్ల కానప్పుడు శరీరం పీటర్‌కే అప్పగించేలా చేశాడు. మనిషి మారాడు, ఆ మార్పుకు వెల కట్టాడు. కాబట్టి ఇది పాత, కొత్త గొడవ కాదు.

ప్రశ్న: ఇన్నిసార్లు ఒకటో నంబర్ నుంచి ఎందుకు మొదలుపెడతారు?

జవాబు: ఒకటో నంబర్ ఎక్కువ అమ్ముడుపోతుంది కాబట్టి. అమేజింగ్ స్పైడర్‌మ్యాన్ 1963లో మొదలైతే, 1998 దాకా ఒకే లెక్కన 441 సంచికలు వచ్చాయి. ఆ తర్వాత 1999, 2014, 2015, 2018, 2022, 2025, ఇన్నిసార్లు మళ్లీ ఒకటి. ప్రతి రచయితా ముందున్నవాడు కట్టింది పక్కకు నెట్టి, పీటర్‌ను మళ్లీ ఉద్యోగం లేనివాడిగానో ఒంటరివాడిగానో నిలబెట్టాల్సి వస్తోంది. తప్పంతా రాసేవాళ్ల మీదకు తోసేయడం నాకు అన్యాయంగా కనిపిస్తుంది.

ప్రశ్న: పదిహేనేళ్ల మా చెల్లికి ఒకే ఒక్క కథ ఇవ్వాలి. ఏది?

జవాబు: 1984 నాటి 248వ సంచికలో వెనకాల ఓ చిన్న కథ ఉంది, రోజర్ స్టెర్న్ రాసింది, రాన్ ఫ్రెంజ్ బొమ్మలు. పదకొండే పేజీలు. విలన్ లేడు, పోట్లాట లేదు. స్పైడర్‌మ్యాన్ వార్తలన్నీ కత్తిరించి దాచుకున్న తిమ్మీ అనే పిల్లాడి గదికి ఓ రాత్రి కిటికీలోంచి అతనే వస్తాడు, ఇద్దరూ కూర్చుని మాట్లాడుకుంటారు. చివరి బొమ్మ గురించి ముందే ఏమీ చెప్పకండి, తననే పేజీ తిప్పనివ్వండి. చదివాక ఏమందో మాకు రాయండి.