మనసు జబ్బుల మీద పరిశోధన చేస్తానంటోంది, కెమిస్ట్రీ మానెయ్యాలా?

ప్రశ్న: మాది హిందూపురం వైపు. చాలా ఏళ్లుగా బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. మా అమ్మాయి పీయూసీలో (ఇక్కడి ఇంటర్) ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్, బయాలజీ చదివి రెండుసార్లు నీట్ రాసింది, సీటు రాలేదు. ఇప్పుడు కెమిస్ట్రీ, జువాలజీతో బీఎస్సీ రెండో ఏడాది. మా తమ్ముడికి బైపోలార్ (ఉద్రేకం, దిగులు మార్చిమార్చి వచ్చే) జబ్బు ఉంది. లిథియం మాత్రలు వాడుతున్నాడు, నిలకడగానే ఉన్నాడు. వాడి చేతుల్లో పెరిగిన పిల్ల కదా, ‘మనసు జబ్బుల మీదే రీసెర్చ్ చేస్తా, ఈ కెమిస్ట్రీ నాకెందుకు, మానేసి ఆన్‌లైన్‌లో సైకాలజీ చదువుతా’ అంటోంది. లిథియంలో కొత్త రకం వచ్చిందట, మామయ్యకు అది ఇప్పిద్దామని ఫోన్లో వార్త కూడా చూపించింది. మా వాళ్లేమో బీఈడీ చేయించి పెళ్లి చేసెయ్యమంటున్నారు. రీసెర్చ్ అన్నం పెడుతుందా? ఏం చెయ్యమంటారు?

జవాబు: ముందు మీ తమ్ముడి మాత్రల సంగతి చూద్దామమ్మా. చదువు ఒక ఏడాది అటూ ఇటూ అయినా సర్దుకోవచ్చు, లిథియంతో అలా కుదరదు. మాత్ర మార్చాలన్నా, ఆపాలన్నా, పక్కన ఇంకోటి చేర్చాలన్నా ఆయన్ను చూస్తున్న సైకియాట్రిస్టు చెబితేనే చెయ్యాలి. ఈ మందు మేలు చేసే మోతాదుకూ విషమయ్యే మోతాదుకూ మధ్య తేడా చాలా తక్కువ. అందుకే చివరి మాత్ర వేసుకున్న 12 గంటలకు రక్తం తీసి స్థాయి చూస్తారు. మధ్యమధ్యలో కిడ్నీలు, థైరాయిడ్ కూడా పరీక్షిస్తారు. వాంతులు, విరేచనాలై ఒంట్లో నీరు తగ్గినా, ఒళ్లునొప్పులకని మెడికల్ షాపులో ఐబుప్రోఫెన్ కొని మింగినా రక్తంలో లిథియం పెరిగిపోవచ్చు. ఇంట్లో అందరికీ ఈ రెండు విషయాలు తెలిసి ఉండాలి.

ఇక అమ్మాయి చూపించిన వార్త. అది 2025 ఆగస్టులో నేచర్ పత్రికలో వచ్చిన హార్వర్డ్ పరిశోధన గురించే అయి ఉండాలి. బ్రూస్ యాంక్నర్ బృందం చేసింది. అది బైపోలార్ గురించి కాదు, అల్జీమర్స్ అనే మతిమరుపు జబ్బు గురించి. మన మెదడులో సహజంగానే అతి కొద్దిగా లిథియం ఉంటుంది. మతిమరుపు మొదలైనవాళ్ల మెదడులో అది తగ్గి ఉందనీ, అల్జీమర్స్‌లో పేరుకునే అమిలాయిడ్ గడ్డలు ఉన్న కాస్త లిథియాన్నీ పట్టేసుకుంటున్నాయనీ వాళ్లు చూపించారు. లిథియం ఓరోటేట్ అనే లవణాన్ని చాలా తక్కువ మోతాదులో ఇస్తే ఎలుకల్లో జ్ఞాపకశక్తి మెరుగుపడింది. ఎలుకల్లో, అంతే. మనుషులకు ఇచ్చి చూసిన ఫలితం అందులో లేదు. మీ తమ్ముడి జబ్బు వేరు, ఆయన మోతాదు వేరు, ఆ పరిశోధన అడిగిన ప్రశ్న వేరు. ఓరోటేట్‌ను కొన్ని దేశాల్లో సప్లిమెంటు పేరుతో అమ్ముతారు. దాని జోలికి వెళ్లకండి.

అలాగని ‘నీకేం తెలుసు’ అని పిల్ల నోరు మూయించకండి. ఈ వార్త విషయంలోనే ఆమెను కూర్చోబెట్టి అడగండి: ఇది ఏ జబ్బు గురించి? ఎవరి మీద చేశారు? ఎంత మోతాదు ఇచ్చారు? మామూలు లిథియం మాత్రల్లో ఉండే కార్బొనేట్ ఉండగా వాళ్లు ఓరోటేట్ ఎందుకు ఎంచుకున్నారు? మొదటి మూడింటికీ కాస్త ఓపికగా చదివితే ఎవరైనా జవాబు చెప్పగలరు. నాలుగోదానికి జవాబు చెప్పాలంటే కెమిస్ట్రీ రావాలి. మూలకం అదే లిథియం. కానీ కార్బొనేట్‌తో పోలిస్తే ఓరోటేట్ రూపంలో ఇచ్చినప్పుడు అమిలాయిడ్‌కు తక్కువగా చిక్కింది. ఎలుకల్లో ఆ ఫలితం రావడానికి అదే ఆధారం.

లిథియం కథ మొదలైందే ఇలాంటి చిన్న విషయంతో. ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ అనే సైకియాట్రిస్టు, ఉన్మాదానికి కారణం ఒంట్లో తయారయ్యే ఏదో పదార్థమేమోనని అనుమానించి గినీ పందుల మీద యూరిక్ ఆమ్లంతో ప్రయోగాలు చేస్తున్నాడు. యూరిక్ ఆమ్లం నీళ్లలో సరిగా కరగదు. దాని లవణాల్లో బాగా కరిగేది లిథియం యూరేట్ కాబట్టి దాన్ని ఎక్కించాడు. జంతువులు మందకొడిగా, ప్రశాంతంగా అయిపోయాయి. అది యూరేట్ పని కాదు, లిథియం పని అని తర్వాత తేలింది. 1949లో ఆయన రాసిన ఆ చిన్న వ్యాసం నుంచే మీ తమ్ముడు వేసుకుంటున్న మాత్ర వచ్చింది. ద్రావణీయత అని మీ అమ్మాయి ఫస్టియర్‌లో విసుక్కుంటూ చదివిన పాఠం ఉంటుంది చూడండి, అదే ఇది.

ఇంకొకటి, ఈ మధ్యదే చెబుతాను. స్కిజోఫ్రేనియాకు (లేనివి ఉన్నట్టు కనిపించే, వినిపించే జబ్బు) 1950ల నుంచి వచ్చిన మందులు దాదాపు అన్నీ మెదడులో డోపమిన్ అనే రసాయనాన్ని అడ్డుకునేవే. వేరే దారిలో పనిచేసే మందు 2024 సెప్టెంబరులో అమెరికాలో అనుమతి పొందింది. కోబెన్‌ఫీ అని అమ్ముతున్నారు. అందులో రెండు పదార్థాలున్నాయి. మొదటిది జానోమెలిన్. 1990లలోనే అల్జీమర్స్ రోగుల మీద ప్రయత్నించారు, భ్రమలు తగ్గాయి. కానీ అది మెదడులో ఏ గ్రాహకాల (కణాల మీద మందు అతుక్కునే చోట్ల) మీద పనిచేస్తుందో అలాంటివే కడుపులోనూ ఉండడంతో వాంతులు, వికారం తట్టుకోలేక మానేసిన వాళ్లు ఎక్కువయ్యారు. మందు అలా మూలన పడింది.

దాన్ని మళ్లీ బయటికి తెచ్చింది ట్రోస్పియం. ఇది మూత్రాశయం పట్టు తప్పినవాళ్లకు ఎప్పటినుంచో ఇస్తున్న మందు. కడుపులో జానోమెలిన్ చేసే అల్లరిని ఇది అడ్డుకుంటుంది, మెదడులో చేసే మేలు జోలికి మాత్రం పోదు. ఎందుకు పోదంటే, దాని అణువులో ఒక నత్రజని నాలుగు కార్బన్లతో బంధం కట్టుకుని ఎప్పుడూ ధనావేశంతోనే ఉంటుంది. ఆవేశం ఉన్న అణువు రక్తానికీ మెదడుకూ మధ్య ఉండే కొవ్వు పొరలను దాటలేదు. క్వాటర్నరీ అమ్మోనియం అని మీ అమ్మాయి పుస్తకంలో అమైన్ల పాఠంలో ఉంటుంది. ఆ పేజీ తీసి చదవమనండి, తర్వాత ఈ మందు సంగతి చెప్పండి. ఆమె ముఖం చూస్తే మీకే అర్థమవుతుంది, కెమిస్ట్రీ మానేయాలో వద్దో.

నా మాట సూటిగా ఇదీ: కెమిస్ట్రీ మానొద్దు. మనసు జబ్బుల మీద పనిచేయాలన్న కోరికకు ఆమె సరైన చోటే ఉంది. నీట్ రానందుకు దొరికిన రెండో రకం చదువుగా మీ ఇంట్లో ఆ డిగ్రీని చూస్తున్నారు, పిల్లకూ అదే అలవాటైంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు మద్రాసులో వైద్యం చదివి, అమెరికా వెళ్లి, రోగుల దగ్గర కాకుండా ప్రయోగశాలలోనే జీవితం గడిపారు. క్యాన్సర్‌కు, కీళ్లవాతానికి వాడే మెథోట్రెక్సేట్, మన కోస్తా ఊళ్లలో ఇంటింటికీ తిరిగి మింగించే ఫైలేరియా మాత్ర ఆయన బృందం పని నుంచి వచ్చినవే. డాక్టరు కన్నా తక్కువ పని అని దాన్ని ఎవరనగలరు?

సైకాలజీ తక్కువ చదువని నేననడం లేదు. రోగితో కూర్చుని మాట్లాడే పని ఆమెకు ఇష్టమైతే అది గొప్ప వృత్తి. కానీ అది వేరే దారి. క్లినికల్ సైకాలజిస్టుగా ప్రాక్టీసు చేయాలంటే ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) గుర్తింపు ఉన్న కోర్సు చదివి, రోగుల మధ్య శిక్షణ పొంది, అక్కడ పేరు నమోదు చేయించుకోవాలి. ఆన్‌లైన్‌లో అయితే అసలే వద్దు. 2025 జులై-ఆగస్టు విద్యా సంవత్సరం నుంచి సైకాలజీని దూరవిద్యలోనూ ఆన్‌లైన్‌లోనూ నడపకూడదని యూజీసీ చెప్పింది. ఎవరైనా సీటుందని ఫోన్ చేస్తే డబ్బు కట్టకండి.

బెంగళూరులో ఉండడం మీ అదృష్టం. హోసూరు రోడ్డులో మనసు, నరాల జబ్బుల ఆసుపత్రి నిమ్‌హాన్స్, జీకేవీకే (వ్యవసాయ విశ్వవిద్యాలయం) ఆవరణలో జీవశాస్త్ర పరిశోధన సంస్థ ఎన్‌సీబీఎస్, పక్కనే మూలకణాల సంస్థ ఇన్‌స్టెమ్, జక్కూరులో జేఎన్‌సీఏఎస్‌ఆర్, మల్లేశ్వరం దాటగానే ఐఐఎస్సీ, అన్నీ పరిశోధన జరిగే చోట్లే. నిమ్‌హాన్స్, ఎన్‌సీబీఎస్, ఇన్‌స్టెమ్ కలిసి ఒక పెద్ద కార్యక్రమం నడుపుతున్నాయి. ఒకే ఇంట్లో ఒకరికన్నా ఎక్కువ మందికి బైపోలార్, స్కిజోఫ్రేనియా లాంటివి ఉన్న కుటుంబాల నుంచి రక్తం తీసుకుని, ఆ కణాలను మూలకణాలుగా (వేరే రకం కణాలుగా మారగలవి) మార్చి, వాటి నుంచి నరాల కణాలు పెంచి గమనిస్తారు. నిమ్‌హాన్స్ ఓపీలో కాసేపు నిలబడితే అనంతపురం, చిత్తూరు, కడప తెలుగు చెవిన పడుతుంది. ఆ కుటుంబాలకు పరిశోధన ఏమిటో వాళ్ల మాటలో చెప్పి, ఇష్టమైతేనే సంతకం తీసుకోగల మనుషులు అవసరం. మీ అమ్మాయికి తెలుగు, కన్నడ రెండూ వచ్చు, రోగి ఉన్న ఇల్లు ఎలా ఉంటుందో తెలుసు. పాఠంలో నేర్పలేనిది అది.

దారి చెబుతాను. ఈ ఏడాది చివర్లో మన దేశ సైన్స్ అకాడమీలు మూడూ కలిసి ఇచ్చే వేసవి పరిశోధన ఫెలోషిప్‌కు దరఖాస్తు చేయించండి. నోటిఫికేషన్ మామూలుగా అక్టోబరు, నవంబరు ప్రాంతంలో వస్తుంది. ఎంపికైతే రెండు నెలలు ఒక శాస్త్రవేత్త దగ్గర పనిచేయొచ్చు. ఎందుకు చేయాలనుకుంటున్నావో రాయమంటారు. అక్కడ ‘మా మామయ్యకు జబ్బు’ అని కన్నీళ్ల కథ రాయొద్దనండి. ట్రోస్పియం నత్రజని గురించి తనకు అర్థమైంది, అర్థం కానిది రాయమనండి.

మూడో ఏడాదిలో జామ్ (ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్ష) రాయాలి. సెప్టెంబరు ప్రాంతంలో దరఖాస్తులు, ఫిబ్రవరిలో పరీక్ష. ఐఐటీల్లో ఎమ్మెస్సీకే కాదు, ఐఐఎస్సీ ఇంటిగ్రేటెడ్ పీహెచ్‌డీకీ ఆ స్కోరే చూస్తారు. జీవశాస్త్రం వైపు మొగ్గితే ఎన్‌సీబీఎస్ కోసం ముంబయి పరిశోధన సంస్థ టీఐఎఫ్‌ఆర్ పెట్టే పరీక్ష వేరే ఉంది, కెమిస్ట్రీ పిల్లలూ రాయొచ్చు. నీట్‌కు చదివిన ఫిజిక్స్, కెమిస్ట్రీ ఇక్కడ వృథా పోవు. కానీ నీట్‌లా బట్టీ పట్టి జవాబులు గుర్తుపెట్టే పరీక్ష అనుకుంటే దెబ్బతింటుంది. ఆర్గానిక్ రియాక్షన్ ఎందుకు అటు వెళ్లింది అనేది కాగితం మీద బాణాలు గీసి చెప్పగలగాలి. ఇప్పటినుంచే కాస్త గణాంకశాస్త్రం కూడా నేర్చుకోమనండి. నేను చూసినంతలో కెమిస్ట్రీ పిల్లలు వైద్య పరిశోధనలోకి వెళ్లాక తడబడేది అక్కడే.

అన్నం పెడుతుందా అన్నారు. సీఎస్‌ఐఆర్-నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (పరిశోధనకిచ్చే ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత 42,000 రూపాయలు, పైన ఇంటి అద్దె భత్యం. బెంగళూరులో మీ ఇంట్లోనే ఉంటుంది కాబట్టి ఒక్క మనిషికి సరిపోతుంది. స్టైపెండ్ నెలనెలా రాకపోవడం మాత్రం చాలాచోట్ల ఉంది, అందుకు సిద్ధపడాలి. పీహెచ్‌డీ ఐదారేళ్లు. అది వద్దనుకుంటే ఎమ్మెస్సీ ఆర్గానిక్‌తోనే బొమ్మసంద్ర వైపున్న మందుల పరిశోధన కంపెనీల్లో, హైదరాబాదులోనూ ఉద్యోగాలున్నాయి. హైదరాబాదులో సువెన్ లైఫ్ సైన్సెస్ పూర్తిగా మెదడు జబ్బుల మందుల మీదే పనిచేస్తోంది.

ఆ పని ఎలా ఉంటుందో కూడా పిల్లకు తెలియాలి. పొద్దున రియాక్షన్ పెట్టాలి, గంటగంటకూ టీఎల్‌సీ ప్లేటు (పదార్థాలను విడదీసి చూపే పలక) మీద చుక్క పెట్టి యూవీ లైటు కింద చూడాలి, మొదటి పదార్థం అయిపోయిందా లేదా అని. అయ్యాక సిలికా కాలమ్ (పదార్థాలను వేరుచేసే గొట్టం) వేసి, గొట్టాల వరుసలో ఏ గొట్టంలో కావలసింది దిగిందో వెతకాలి. ఇదంతా నిలబడే. రెండు వారాలు చేసింది ఎన్‌ఎమ్‌ఆర్ (అణువు నిర్మాణం చూపే పరీక్ష) తీశాక వేరే పదార్థమని తేలొచ్చు. పెద్ద కంపెనీలకూ అంతే. జానోమెలిన్ దారిలోనే వచ్చిన ఎమ్రాక్లిడీన్ అనే మందు కోసం ఆబ్వీ అనే అమెరికా మందుల కంపెనీ దాదాపు 870 కోట్ల డాలర్లు పెట్టి ఒక కంపెనీనే కొన్నది. 2024 నవంబరులో రెండో దశ ట్రయల్స్‌లో అది ఉత్తుత్తి మాత్ర కన్నా మెరుగని తేలలేదు. ఇది విన్నాక కూడా ‘మరి ఎందుకు పనిచేయలేదు?’ అని మీ అమ్మాయి అడిగితే పరిశోధనకు పంపండి. ‘ఇంత కష్టమా’ అంటే తప్పేం లేదు, ఎమ్మెస్సీ తర్వాత క్వాలిటీ కంట్రోల్, రెగ్యులేటరీ, టీచింగ్ అన్నీ గౌరవమైన పనులే. బీఈడీ అప్పుడు చేసినా మించిపోదు. ఇప్పుడే చేయించి తలుపు మూసెయ్యడం నాకు ఇష్టం లేదు. పెళ్లి మాట ఆమె ఎత్తినప్పుడు మాట్లాడుకోండి.

ఇంకో సంగతి. రెండు నీట్‌లు పోయి, ఇంట్లో జబ్బు మనిషిని చూస్తూ పెరిగిన పిల్ల. ‘మామయ్యను నేనే బాగుచేస్తా’ అన్న బరువు నెత్తిన పెట్టుకుని ఉండొచ్చు. తను చేసే పరిశోధన మామయ్య దాకా రాకపోవచ్చని, ఆయన బాగోగులు ఆమె మార్కుల మీద ఆధారపడి లేవని మీ నోటితో ఒకసారి చెప్పండి. నిద్ర తగ్గడం, తిండి మానడం, ఎవరితోనూ కలవకపోవడం కనిపిస్తే 14416కి చేయండి. అది టెలీ మానస్, తెలుగులో మాట్లాడతారు, డబ్బు పడదు. ఈసారి మీ తమ్ముణ్ని రక్తపరీక్షకు తీసుకెళ్లేటప్పుడు, ఆయనకు ఇష్టమైతే, అమ్మాయినీ వెంట పంపండి. లిథియం స్థాయి అంటే ఏమిటో, ఈ అంకె ఎంత దాటితే ప్రమాదమో డాక్టరునే అడగమనండి. ఓరోటేట్ వార్త కూడా ఫోన్‌లో ఉంచుకుని డాక్టరుకే చూపించమనండి.