సంగటి మింగనివ్వొద్దు, నమలమను

అమ్మీ,

అల్లుడికి క్యాన్సర్ ఆపరేషన్‌లో కడుపు, అంటే జీర్ణాశయం, మొత్తం తీసేశారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఇక్కడ అనంతపురంలో మీ పెదనాన్నకు ఇదే ఆపరేషన్ అయినప్పటి నుంచి తిండి సంగతి నేనే చూసుకుంటున్నా. అల్లుడు ప్రొద్దుటూరు ఇంటికి చేరేలోపే నీకివి తెలియాలి.

ఇప్పుడు తిన్నది అన్నవాహిక నుంచి నేరుగా చిన్నపేగులోకి దిగుతుంది. దాన్ని నిలవుంచి, మెత్తగా చేసి, కొంచెం కొంచెంగా వదిలే జీర్ణాశయం లేదు. కాబట్టి మూడు పూటల లెక్క వదిలెయ్. రోజుకు ఆరేడు సార్లు చిన్న గిన్నెలో పెట్టు, డాక్టరమ్మ చెప్పినట్టు మెల్లగా పెంచు. చాలన్నప్పుడు "ఇంకొక్క ముద్ద" అని బతిమాలొద్దు. ప్రేమ కొద్దీ పెట్టే ఆ ముద్దే వాంతి తెస్తుంది.

మన సీమలో సంగటి ఎవరూ నమలరు, పులుసులో అద్ది మింగేస్తారు. ఆ అలవాటు మాన్పించడమే నీకు అన్నిటికన్నా కష్టం. మొదట్లో పల్చటి రాగి జావ, మెత్తటి ఇడ్లీ, బాగా ఉడికిన పెసరపప్పు చాలు. తర్వాత సంగటి పెట్టినా గోలీకాయంత ముద్దలు చేసి, నోట్లోనే జావయ్యేదాకా నమలమను. గుడ్డు, పప్పు, చేప, కీమా లాంటివి ముందు తినిపించు, అన్నం తర్వాత. కండ కరిగిపోకుండా కాపాడేది ఆ ప్రొటీనే. చెనిక్కాయలు గింజలుగా వద్దు, మెత్తగా నూరి పెట్టు.

నీళ్లు అన్నంతో పాటు ఇవ్వొద్దు. అరగంట ముందో, అరగంట తర్వాతో గుక్కగుక్కగా తాగాలి. మన ఎండలకు రోజంతా పక్కన చెంబు ఉండాల్సిందే.

చూడ్డానికొచ్చేవాళ్లు జ్యూసులు, గ్లూకోజు, ఓళిగలు తెస్తారు. తీపి ఒక్కసారిగా పేగులో పడితే అరగంటలోపే గుండె దడ, చెమట, కడుపునొప్పి, విరేచనాలు. ఇంకోరకం, తిన్న గంట నుంచి మూడు గంటల మధ్య షుగర్ పడిపోయి వణుకు, నీరసం వస్తాయి. అప్పుడు మాత్రం కొంచెం గ్లూకోజు ఇచ్చి, కాసేపాగి గుడ్డో ఇడ్లీయో పెట్టు. ఎప్పుడు ఏం తిన్నాక వచ్చిందో రాసిపెట్టుకో, డాక్టర్‌కు అదే పనికొస్తుంది.

పాలు పడకపోతే టెన్షన్ వద్దు, చాలామందికి పెరుగు పడుతుంది. కీమో మొదలై తెల్లకణాలు తగ్గితే మాత్రం ఇంట్లో తోడేసిన పెరుగు గురించి కూడా డాక్టర్‌ని అడుగు. పేగుకు మేలుచేసే సూక్ష్మజీవులుండే ప్రోబయాటిక్ గోలీలు మెడికల్ షాపువాడు ఇచ్చాడని కొనొద్దు. విరేచనం జిడ్డుగా నీళ్లపై తేలినా, కడుపు ఉబ్బరం తగ్గకపోయినా చెప్పాలి, రెంటికీ మందులున్నాయి.

తిన్నవెంటనే పడుకోనివ్వకు. రాత్రి మంచం తలవైపు ఎత్తు పెట్టు, లేకపోతే పసరు గొంతులోకి వస్తుంది.

బీ12 ఇంజెక్షన్ జీవితాంతం కావాలి. కడుపు లేకపోతే తిండిలోని బీ12 ఒంటికి పట్టదు. ఒంట్లో నిల్వ ఉన్నది కొన్నాళ్లు నడిపిస్తుంది కాబట్టి "బాగానే ఉన్నాను కదా" అని మానేస్తారు, తర్వాత కాళ్లు తిమ్మిర్లెక్కుతాయి. ఐరన్, కాల్షియం, విటమిన్ డి పరీక్షలు కూడా చేయిస్తూ ఉండు.

మొదట్లో బరువు తగ్గుతాడు, భయపడకు. వారానికోసారి తూచి రాయి. తగ్గుతూనే ఉన్నా, జ్వరమొచ్చినా, నీళ్లు కూడా నిలవకపోయినా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లు. రాత్రయినా సరే నాకు ఫోన్ చెయ్యి.

మీ పెద్దమ్మ