ఆంకా నంబరు పెరిగితే జబ్బు తిరగబెట్టినట్టేనా?

ప్రశ్న: డాక్టరు గారూ, మా అమ్మకు 54 ఏళ్లు. రెండేళ్ల కిందట ముక్కు నుంచి రక్తం, తగ్గని దగ్గు, ఎక్స్‌రేలో మచ్చలు కనిపిస్తే టీబీ అనుకుని నాలుగు నెలలు ఆ మందులే వాడాం. తగ్గలేదు. తర్వాత ఆంకా అనే రక్తపరీక్ష పాజిటివ్ వచ్చింది, కిడ్నీ బయాప్సీ చేసి వాస్క్యులైటిస్ (రక్తనాళాల వాపు జబ్బు) అన్నారు. రిటుక్సిమాబ్ (రోగనిరోధక శక్తిని అణిచే ఇంజెక్షన్), స్టెరాయిడ్లతో ఇప్పుడు బాగానే ఉంది. కానీ మొన్నటి ఆంకా రిపోర్టులో పీఆర్-3 అనే నంబరు 18 నుంచి 64కి పెరిగింది. ఇంట్లో అందరికీ టెన్షన్. స్టెరాయిడ్ డోసు పెంచాలా?
- ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: అమ్మ బాగానే ఉందని మీరే రాశారు కదమ్మా, నాకు ముందు కావలసింది ఆ మాటే. ఒక్క నంబరు పెరిగిందని స్టెరాయిడ్ పెంచరు, మీ అంతట మీరైతే అసలు పెంచకండి, ఉన్నది ఆపకండి కూడా.

మన రక్తంలో న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలుంటాయి. వాటిలోని పీఆర్-3, ఎంపీవో అనే ప్రొటీన్ల మీద శరీరమే పొరపాటున తయారుచేసుకునే యాంటీబాడీలను ఆంకా అంటారు. ఇవి ఆ కణాలను రెచ్చగొడితే అవి సన్నటి రక్తనాళాల గోడల్ని దెబ్బతీస్తాయి, అందుకే ముక్కు, ఊపిరితిత్తులు, కిడ్నీలు ఒక్కసారే చిక్కుల్లో పడతాయి. జబ్బును పట్టుకోవడానికి ఇది చాలా మంచి పరీక్షే, అయినా టీబీలో, గుండె కవాటాల ఇన్ఫెక్షన్‌లో, థైరాయిడ్‌కు వాడే ప్రొపైల్‌థయోయురాసిల్ మందుతో కూడా ఆంకా పాజిటివ్ రావచ్చు, అసలు జబ్బు ఉండి కూడా కొందరికి నెగెటివ్ వస్తుంది. మీ అమ్మగారికి బయాప్సీ చేయించింది అందుకే, మంచి పని చేశారు.

ఇక మీ నంబరు సంగతి. ముందు ఆ రెండు రిపోర్టులూ పక్కపక్కన పెట్టి చూడండి, ఒకే ల్యాబా, ఒకే పద్ధతా? ల్యాబు మారితే కిట్టు మారుతుంది, యూనిట్లు, నార్మల్ హద్దులూ మారతాయి, అప్పుడు 18కీ 64కీ పోలికే ఉండదు. నంబరు పెరిగినా ఏళ్ల తరబడి ఏమీ కాని వాళ్లున్నారు, నంబరు కదలకుండానే జబ్బు తిరగబెట్టిన వాళ్లూ ఉన్నారు.

అలాగని పక్కన పడేయమని కాదు. పీఆర్-3 రకంలో జబ్బు తిరగబెట్టడం ఎంపీవో రకం కంటే ఎక్కువ, పైగా కిడ్నీ దెబ్బతిన్న వాళ్లలో, రిటుక్సిమాబ్ తీసుకున్న వాళ్లలో ఈ పెరుగుదలకు కొంచెం ఎక్కువ విలువ ఇవ్వాలి. మీ అమ్మగారికి ఈ మూడూ ఉన్నాయి. కాబట్టి డోసు కాదు, నిఘా పెంచాలి. ఈ వారమే యూరిన్ పరీక్ష (రక్తకణాలు, ప్రొటీన్ కోసం), క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష), సీఆర్‌పీ (ఒంట్లో వాపును చెప్పే రక్తపరీక్ష) చేయించి మీ డాక్టరుకు చూపించండి, ఆంకా మళ్లీ అదే ల్యాబులో ఎప్పుడు చేయించాలో ఆయన చెబుతారు. వీటిలో యూరిన్ పరీక్షను మాత్రం చిన్నచూపు చూడకండి, ఎందుకంటే ఈ జబ్బులో కిడ్నీ నొప్పి లేకుండానే పాడవుతుంది, ఆంకా కంటే ఎంతో చవకైన ఆ పరీక్షే చాలాసార్లు ముందు పట్టిస్తుంది.

దగ్గులో రక్తం, ఆయాసం, మూత్రం ఎర్రగా లేదా టీ డికాక్షన్ రంగులో రావడం, పాదం కిందికి వాలిపోవడం, కన్ను ఎర్రబడి నొప్పి, వీటిలో ఏది కనిపించినా రిపోర్టు కోసం ఆగకుండా ఆ రోజే ఆస్పత్రికి తీసుకెళ్లండి. జ్వరం వచ్చినా అంతే, రిటుక్సిమాబ్ వాడేవాళ్లలో అది ఇన్ఫెక్షన్ కావచ్చు.