సమాధానం: ఏడేళ్ల పాపకు అప్పుడే క్లిప్పులా?

బెంగళూరు మారతహళ్లి నుంచి రాసిన అమ్మగారికి,

పాప పై ముందుపళ్ల మధ్య సందు చూసి పక్కింటివారు క్లిప్పులు వేయించమన్నారని రాశారు. ఆ సందుకు కంగారు పడకండి. 11, 12 ఏళ్లకు కోరపళ్లు దిగేసరికి చాలామందిలో అదే మూసుకుంటుంది. అసలు విషయాన్ని మీరు చివర్లో ఒక్క ముక్కలో తేల్చేశారు: నోరు మూస్తే ఒకవైపు పై దవడపళ్లు కింది వాటికి లోపలివైపు పడుతున్నాయని. దాన్ని వాయిదా వేయకండి, ఎదిగే దవడను సరిచేయడం తేలిక. అమెరికా ఆర్థోడాంటిస్టుల (పళ్ల వరుస, దవడ సరిచేసే దంతవైద్యుల) సంఘం కూడా 7 ఏళ్లు వచ్చేసరికి తొలి పరీక్ష చేయించమంటుంది. పరీక్ష చేయించినంత మాత్రాన క్లిప్పులు వేస్తారని కాదు. చాలామంది పిల్లల్ని చూసి, మళ్లీ రమ్మని పంపేస్తారు.

విక్టోరియా ఆసుపత్రి ఆవరణలోని ప్రభుత్వ దంత కళాశాలకు వెళ్లవచ్చు. పాపకు వేలు చప్పరించే అలవాటుంటే దాచకుండా చెప్పండి. మావాడి సంగతి వాళ్ల అమ్మమ్మ దాచిపెట్టింది!