మస్కట్‌లో ఒమానీల ఇంటికి భోజనానికి వెళ్తే ఎలా నడుచుకోవాలి?

డిసెంబరులో అమ్మానాన్నలతో మస్కట్ వెళ్తున్నామని, మీవారితో పనిచేసే ఒమానీ ఆయన ఇంటికి పిలిచారని, టెన్షన్‌గా ఉందని రాశారు. నేను ఉద్యోగం కోసం మస్కట్‌లోని రూవీలో ఉండి వచ్చాను కాబట్టి చెప్తున్నా, అంత కంగారేమీ వద్దు. వాళ్లకి నచ్చనిది ఒకటే, తొందర.

వెళ్లగానే పలకరింపులే చాలాసేపు సాగుతాయి. ఆరోగ్యం, ప్రయాణం, ఊళ్లో విశేషాలు, అన్నీ అడుగుతారు. మీరూ అడగాలి. కాకపోతే మగవాళ్లని "మీ ఆవిడ ఎలా ఉన్నారు" అని విడిగా అడగడం బాగుండదు, "ఇంట్లో అందరూ కులాసానా" అంటే చాలు. మీవారు అక్కడి ఆడవాళ్లకి తనంతట తాను చెయ్యి చాపకూడదు. గుండెల మీద చెయ్యి పెట్టుకుని సలామ్ చెప్పమనండి.

చెప్పులు బయట విడిచి మజ్లిస్‌లో, అంటే అతిథుల్ని కూర్చోబెట్టే గదిలో, కూర్చున్నాక ఖర్జూరాలు, హల్వా, కాఫీ వస్తాయి. అసలు మర్యాదంతా ఈ కాఫీలోనే ఉంది. పాలు, చక్కెర ఉండవు, ఏలకుల ఘాటు ఉంటుంది. ఫిల్టర్ కాఫీ అలవాటైన నాన్నగారికి మొదటి గుక్క కషాయంలా అనిపించొచ్చు, ముందు ఓ ఖర్జూరం తినమనండి. ఫింజాన్ అనే పిడిలేని చిన్న కప్పులో అడుగున కొంచెమే పోస్తారు. పిసినారితనం అనుకోకండి, మళ్లీ మళ్లీ పోయడానికే అలా. కుడిచేత్తో అందుకోవాలి. ఖాళీ కప్పు ఊరికే తిరిగిస్తే మళ్లీ నింపుతారు! చాలనుకుంటే కప్పుని అటూ ఇటూ కాస్త ఊపి ఇవ్వాలి. అసలు వద్దనకండి, ఒక్కటైనా తాగాలి. మూడు దాటకపోతే మంచిది.

ఆడవాళ్లని వేరే గదిలో కూర్చోబెట్టొచ్చు. అమ్మగారికి ముందే చెప్పి ఉంచండి, లేకపోతే నొచ్చుకుంటారు. నిజానికి కబుర్లు, సాంబ్రాణి ధూపం, నవ్వులు అన్నీ ఆ గదిలోనే ఎక్కువని మా ఇంట్లోవాళ్లు చెప్పేవారు. భోజనం తరచుగా పెద్ద పళ్లెంలో అన్నం, మాంసం కలిపి పెడతారు, ఎవరి వైపు నుంచి వాళ్లు తినాలి. శాకాహారులైతే రెండ్రోజుల ముందే చెప్పండి. ఇంకోటి, మస్కట్‌లో హిందీ అర్థమయ్యేవాళ్లు చాలామంది ఉంటారు, వాళ్ల ముందు హిందీలో గుసగుసలు వద్దు.

సుల్తాన్ ఖాబూస్ గ్రాండ్ మసీదు తప్పక చూడండి. ముస్లిమేతరులకి శుక్రవారం తప్ప మిగతా రోజుల్లో ఉదయం 8 నుంచి 11 దాకా ప్రవేశం. ఆడవాళ్లకి తల, చేతులు, కాళ్లు మడమల దాకా కప్పి ఉండాలి. చీర కన్నా ఫుల్ హ్యాండ్స్ చుడీదార్, పెద్ద చున్నీ సుఖం. పాత మస్కట్‌లో రాజభవనం దగ్గర్లోనే శివాలయం ఉంది, అమ్మగారు సంతోషిస్తారు. 2018లో ప్రధాని మోదీ కూడా అక్కడికి వెళ్లారు.

సూట్‌కేసులో గసగసాలు మాత్రం పెట్టకండి. సౌదీ, యూఏఈలలో అవి నిషేధం, మీరు దుబాయ్ మీదుగా వెళ్తే అనవసరంగా ఇరుక్కుంటారు. అమ్మానాన్నల మందులకి డాక్టర్ చీటీ చేతిసంచిలోనే ఉంచుకోండి.